కిందింటి అన్న చెప్పిన సాక్ష్యం

అది ఏ ఎన్నికో, ఏ పార్టీ గెలిచిందో, ఏది ఓడిందో నేను చెప్పను. చెబితే మీరు ఇక్కడి నుంచే ఏదో ఒక పక్కన కూర్చుని చదవడం మొదలుపెడతారు. నేను కోరుకున్నవాళ్లు ఓడిపోయారు, నాకు ఒళ్లు మండింది, అంతవరకు తెలిస్తే చాలు. వారం రోజులు అన్నం సయించలేదు. టీవీ వైరు పీకి బీరువా మీద పెట్టాను. పాలవాడు కూడా గెలిచినవాళ్లకే ఓటేశాడని అనుమానం వచ్చి పాకెట్ పాలకు మారిపోయాను. ఆ తర్వాత, యాభై నాలుగేళ్ల వయసులో, ఈ దేశం వదిలి పోవాలని నిర్ణయించుకున్నాను.

మా నాన్న రైల్వే ఉద్యోగం మీద కోస్తా నుంచి వచ్చాడు. నేను పుట్టిందీ పెరిగిందీ అంతా ఈ పట్టాల చుట్టుపక్కలే. మెట్టుగూడలో మూడంతస్తుల పాత బిల్డింగ్‌లో మొదటి అంతస్తు మాది. బేగంపేటలో ఒక ఆఫీసులో వంతెనల డ్రాయింగులు గీస్తాను. గీత ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే నేను ఊరుకోను. మనుషుల దగ్గర కూడా అదే స్కేలు పట్టుకుని తిరుగుతానని మా ఆవిడ దెప్పుతుంది. నిజమే, కోపం నాకు తొందరగా వస్తుంది. పోవడానికి మాత్రం చాలా టైము తీసుకుంటుంది.

మా కిందింట్లో అన్న ఉంటాడు. సొంత అన్న కాదు. ఇరవై రెండేళ్ల కింద మేము ఇల్లు మారి వచ్చిన రోజు, మా బీరువా మెట్ల మలుపులో ఇరుక్కుపోతే లుంగీ ఎగగట్టి భుజం పట్టినాయన. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. వాళ్లది మూడు తరాలుగా సికింద్రాబాదే. రెజిమెంటల్ బజార్‌లో ట్రంకు పెట్టెలు, తాళాలు అమ్మే దుకాణం ఉంది. ఆయన నన్ను తమ్మీ అంటాడు, మా ఆవిడను చెల్లె అంటాడు. మూడేళ్ల కింద వదిన పోయింది. అప్పటి నుంచి ఒక్కడే ఉంటాడు, వంట తనే చేసుకుంటాడు, పప్పులో కారం ఎక్కువైన రోజు గిన్నె పట్టుకుని మా ఇంటికి వస్తాడు. మా ఆవిడ అందులో కాస్త నెయ్యి వేసి పంపిస్తుంది.

మన దగ్గర గేటుకు వేలాడే పేపరును చూసి ఆ ఇంట్లోవాళ్లు ఎవరికి ఓటేస్తారో చెప్పొచ్చు. అన్న వేయించుకునే పేపరు వేరు, నాది వేరు. రోజూ పొద్దున ఏడున్నరకు మా బిల్డింగ్ మోటారు గది మెట్టు మీద కూర్చుని పేపర్లు మార్చుకునేవాళ్లం. ఊరికే మార్చుకోవడం కాదు. నా జేబులో డ్రాయింగు పెన్సిలు ఉంటుంది, ఆయన దగ్గర దుకాణంలోని ఎర్ర పెన్ను ఉంటుంది. ఆయన పేపరు అంచుల్లో నేను రాస్తాను: ‘ఈ ఫోటో పోయిన ఏడాదిది’, ‘రెండో పేరాకు మొదటి పేరాకు పొంతన లేదు’. నా పేపరు మీద ఆయన రాస్తాడు: ‘గిది ఎవడు జూసిండు?’, ‘మీవోళ్లు జేస్తే పథకం, మావోళ్లు జేస్తే పంచుడా?’ సాయంత్రం ఎవరి పేపరు వాళ్లం తిరిగి తీసుకుని, అవతలివాడు ఏం రాశాడో చదువుకునేవాళ్లం. సంపాదకీయం కంటే ఆ అంచులే నాకు ఇష్టంగా ఉండేవి. పాత పేపర్లు కొనేవాడు ఒకసారి, ‘మీరు టీచరా సార్, అన్నీ దిద్దేసి ఉన్నాయి’ అని అడిగాడు.

ఇలా ఎన్ని ఎన్నికలు చూశామో. ఆయన గెలిచిన ఏడు నేను ముఖం మాడ్చుకునేవాణ్ణి, నేను గెలిచిన ఏడు ఆయన రెండు రోజులు దుకాణంలోనే పడుకుంటానని బెదిరించేవాడు. మూడో రోజుకల్లా మెట్టు మీద ఉండేవాళ్లం.

ఈసారి అలా జరగలేదు. లెక్కింపు రోజు మధ్యాహ్నానికే విషయం తేలిపోయింది. గేటు ముందు టపాకాయలు పేలాయి. నేను కిటికీలు మూసుకుని కూర్చున్నాను. అయిదింటికి అన్న మెట్లెక్కి వచ్చాడు. ఆయనకు మోకాళ్ల నొప్పి, గోడ పట్టుకుని ఒక్కో మెట్టు ఎక్కాలి. చేతిలో కలాకంద్ డబ్బా.

“తీస్కో తమ్మీ. ఓడినోడు సుత తీపి తినాలె. రేపు నీ పేపర్‌ల ఏం ఏడ్చిండ్రో జూస్త” అన్నాడు నవ్వుతూ.

అది వెక్కిరింతే. మేము ఇరవై రెండేళ్లుగా చేసుకుంటున్న వెక్కిరింత. ఆ రోజు నాకు అది అర్థం కాలేదనడం అబద్ధం అవుతుంది. అర్థమైంది, అయినా అన్నాను. “చదువులేనివాళ్లు ఓట్లేస్తే దేశం ఇలాగే తగలడుతుంది. ఎనిమిదో తరగతి దాటలేదు, నీకేం తెలుస్తుంది అన్నా ఏది మంచో ఏది చెడో?”

ఆయన డబ్బా చెప్పుల స్టాండు మీద పెట్టి, గోడ పట్టుకుని దిగిపోయాడు. వంటింట్లోంచి మా ఆవిడ బయటకు వచ్చి నన్నొకసారి చూసి మళ్లీ లోపలికి పోయింది.

అప్పుడే కిందికి దిగి తప్పయిందని ఉంటే అయిపోయేది. దిగలేదు. నోరు జారిన మాట తప్పే కానీ నా ఆలోచన తప్పు కాదు కదా అని నాతో నేనే వాదించుకున్నాను. నాతో నేను వాదించుకుంటే ఎప్పుడూ నేనే గెలుస్తాను. మర్నాడు పొద్దున బాల్కనీలోంచి చూస్తే అన్న పేపరు పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. నేను మెట్రోకు బయలుదేరి ఆయన పక్క నుంచే నడిచి వెళ్లిపోయాను. మూడు రోజులు అలా కూర్చున్నాడు. నాలుగో రోజు మెట్టు ఖాళీగా ఉంది. నాకు హాయిగా అనిపించాల్సింది, అనిపించలేదు.

ఆ ఖాళీలోకి వాట్సాప్ గ్రూపు వచ్చింది. నాలాగే ఒళ్లు మండినవాళ్లు రెండు వందల మందికి పైగా ఉన్న గ్రూపు. అందరూ చదువుకున్నవాళ్లు, అందరూ నాలాగే ఆలోచించేవాళ్లు. మొదటి నెల నాకు అక్కడ పుట్టింటికి వచ్చినట్టు ఉంది. నేను ఏది రాసినా చప్పట్లు, నమస్కారాలు, నిప్పు బొమ్మలు. ‘ఎంత బాగా చెప్పారు సార్’ అనేవాళ్లు. పొద్దున పళ్లు తోముకుంటూ చూసేవాణ్ణి, మెట్రోలో చూసేవాణ్ణి, భోజనం ముందు చూసేవాణ్ణి. ఒక రోజు ఎవరో అవతలి పార్టీ నాయకుడి ఫోటో పెట్టారు, ఇదిగో చూడండి వీళ్ల బాగోతం అని. చూడగానే తెలిసిపోయింది, అది పాత ఫోటో, వేరే రాష్ట్రంలోది. చెయ్యి ఊరుకోక, ఈ ఫోటో ఇప్పటిది కాదండీ అని రాశాను. ఇరవై రెండేళ్ల అలవాటు. గ్రూపు ఒక్కసారి చల్లబడిపోయింది. తర్వాత ఒకాయన రాశాడు: ‘మీరు ఎటువైపు సార్ ఇంతకీ?’ ఇంకొకాయన, ఇలాంటివాళ్ల వల్లే మనం ఓడిపోయాం అన్నాడు. నేను భయపడి నా మెసేజ్ తీసేశాను. ఆ తీసేయడం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆఫీసుకు గల్ఫ్‌లో ఒక దేశంలో వంతెనల పని దొరికింది. మూడేళ్లు ఉండాలి, కుటుంబాన్ని తీసుకెళ్లొచ్చు. అంతకుముందు రెండుసార్లు ఇలాంటివి వస్తే, మెట్టుగూడ దాటి రానని చెప్పినవాణ్ణి నేను. ఈసారి మేనేజరు అడగక ముందే చెయ్యెత్తాను.

ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింది.

“అక్కడ ఎన్నికలు ఉండవట కదా?” అంది.

“అదేగా నాకు కావలసింది.”

“అంటే, జనం తప్పుగా ఓటేశారని, జనానికి ఓటే లేని చోటికి పోతున్నాం.”

నేను ఫోన్‌లో మ్యాపు చూస్తున్నట్టు నటించాను. ఆమె ఇంకో నాలుగు కాయలు తీసి, “సరే, వెళదాం. నాకేం, ఎక్కడైనా ఇవే చిక్కుడుకాయలు. కానీ కింద అన్నయ్యగారికి మాత్రం మీ నోటితో మీరే చెప్పాలి” అంది. చెబుతాలే అన్నాను. చెప్పలేదు. మెట్ల దగ్గర ఎదురైతే ఆయన పక్కకు జరిగేవాడు, నేను ఫోన్ చెవికి పెట్టుకునేవాణ్ణి. అవతల ఎవరూ ఉండేవాళ్లు కాదు.

వీసాకు పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ కావాలన్నారు. ఇప్పుడంతా ట్యాబ్‌లో చూసుకుని అయిదు నిమిషాల్లో పంపేస్తారని ఆఫీసులో చెప్పారు. మాకు వచ్చిన కానిస్టేబుల్ మాత్రం పద్ధతి గల మనిషి. ఆదివారం పొద్దున మామూలు బట్టల్లో బైకు మీద వచ్చాడు. కాగితాలు చూశాడు, మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగాడు, అంతా బాగుంది సార్ అన్నాడు. ఆఖర్న, “మిమ్మల్ని చాలా ఏళ్లుగా ఎరిగిన ఇరుగుపొరుగు ఇద్దరు సంతకం చెయ్యాలి. అది లేకుండా నేను ఫైలు పంపను” అన్నాడు.

మా పక్క ఫ్లాటులో రిటైరైన నర్సమ్మగారు వెంటనే సంతకం పెట్టేసింది. ఎదురింటివాళ్లు వచ్చి మూడు నెలలే అయింది, వాళ్లు పనికిరారు. పైన ఉన్నవాళ్లు పెళ్లికి ఊరెళ్లారు. మిగిలింది కింద. నేను నోరు తెరిచేలోగా కానిస్టేబుల్ మెట్లు దిగిపోయాడు.

బాల్కనీలోంచి చూశాను. అన్న ఆయనకు కుర్చీ వేశాడు. తనూ కూర్చున్నాడు. మాటలు వినపడలేదు కానీ చెయ్యి ఊపుతూ చాలాసేపు చెప్పాడు. కానిస్టేబుల్ రాసుకుంటూనే ఉన్నాడు. నా గురించి అంత రాసుకునేంత ఏముందా అనుకున్నాను. అన్న ఎంతయినా పెద్దమనిషి, మనసులో ఏదీ పెట్టుకోలేదు అని కూడా అనుకున్నాను, కొంచెం కళ్లు చెమర్చాయి.

కానిస్టేబుల్ తల గోక్కుంటూ పైకి వచ్చాడు. “సార్, ఆయనకు మీకు ఏమన్నా ఇల్లు, గోడ, పార్కింగ్ తగాదా ఉందా?”

“లేదే. ఎందుకు?”

నోటు పుస్తకం విప్పి, ఇబ్బందిగా దగ్గి చదివాడు. అన్న చెప్పింది చెప్పినట్టే రాసుకున్నాడు:

“ఇరవై రెండేండ్లకెల్లి ఎరుక. మనిషి మంచోడు కాదు. టీవీ ముంగట మొత్తుకుంటడు, కిందికి వినొస్తది. ఒకల మాట వినడు. తనకే అన్నీ తెలుసు అనుకుంటడు. మంది పేపర్ల మీద రాస్తడు. పెద్ద చిన్న చూడకుంట నోటికొచ్చింది అంటడు. అన్నంక మాఫీ అడగడు. అలుగుతడు. ఐదు నెలలు సుత అలుగుతడు. కేసులు గిట్ల ఏం లెవ్వు. కానీ గీయనను బయటి దేశం పంపుడు మంచిది కాదు. సర్టిఫికెట్ ఇయ్యొద్దు.”

మా ఆవిడ వంటింట్లోకి పరిగెత్తింది. నవ్వడానికి అని నాకు తెలుసు.

“ఈ మాటలకు కేసేం కాదు సార్” అన్నాడు కానిస్టేబుల్. “కానీ వద్దని సంతకం పెట్టి ఇచ్చాడు. దీన్ని పెట్టుకుని మంచివాడని నేనెట్లా పంపాలి? మంగళవారం వస్తాను. ఇంకొకరిని చూసి పెట్టండి. లేదంటే ఆయనతోనే మాట్లాడుకోండి.”

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. పైనున్నవాళ్లకు ఫోన్ చేస్తే, వాళ్లు తిరిగి రావడానికి పది రోజులు పడుతుందన్నారు. అప్పుడు నాకు గ్రూపు గుర్తొచ్చింది. రెండు వందల మందిలో మెట్టుగూడ చుట్టుపక్కల ఒక్కడైనా ఉండడా? నన్ను ఎరుగుదునని చెప్పి సంతకం పెట్టేవాళ్లు కావాలి అని రాశాను. నిమిషంలో జవాబులు మొదలయ్యాయి. బొటనవేళ్లు, నమస్కారాలు. ‘మేమంతా మీ వెంటే సార్.’ ‘చూశారా, ప్రశ్నించేవాళ్లను ఎలా వేధిస్తున్నారో!’ ఒకాయన దాని మీద పెద్ద వ్యాసమే రాశాడు, నా పేరు తప్పు రాసి. ఇంకొకాయన, మెట్టుగూడ అంటే ఎల్‌బీనగర్ వైపా అని అడిగాడు. తార్నాకలో ఉండే ఒకాయన వస్తానన్నాడు, గంట తర్వాత కొంచెం పనుందన్నాడు. సాయంత్రానికి వాళ్లు వేరే విషయంలోకి వెళ్లిపోయారు. అయిదు నెలలు రోజూ పొద్దున నన్ను మెచ్చుకున్నవాళ్లలో నా ఇల్లు ఎక్కడో ఎరిగినవాడు ఒక్కడూ లేడు. వాళ్ల ఇళ్లు నాకూ తెలియవు, వాళ్ల తప్పేం లేదు.

సోమవారం ఆఫీసు కాగానే, రోజూ మెట్టుగూడలో దిగేవాణ్ణి, ఒక స్టేషన్ ముందే సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగాను. బిల్డింగ్‌లో కొట్లాడితే అందరూ వింటారు, దుకాణంలో అయితే నాలుగు కేకలు వేయొచ్చని నా ఉద్దేశం. దారి పొడుగునా ఏం అనాలో వరసగా కూర్చుకుంటూ నడిచాను.

రెజిమెంటల్ బజార్‌లో అన్న దుకాణం ఒక గది. నేల నుంచి కప్పు దాకా పెట్టెలు. ఆయన కింద గోనె పట్టా పరుచుకుని, ఒక పెట్టె మూతకు గొళ్లెం బిగిస్తున్నాడు. నన్ను చూసి సుత్తి ఆపాడు.

“ఏందీ, రస్తా తప్పినవా?”

“పోలీసాయనకు ఏం చెప్పావు అన్నా?”

“అడిగింది జెప్పిన.”

“మంచివాణ్ణి కాదని చెప్పావు. సర్టిఫికెట్ ఇవ్వొద్దన్నావు. నా వీసా ఆగిపోతుంది, తెలుసా నీకు?”

“తెలుసు. అడిగి తెలుసుకున్న. ఇరుగుపొరుగోళ్లు వద్దంటే ఏమైతది అని ఆయన్నే అడిగిన. ఆగుతది అన్నడు. గప్పుడు షురూ జేసిన.”

నేను కూర్చుకున్న వరస అంతా ఎగిరిపోయింది. పగ సాధిస్తున్నావా అని అరిచాను. పక్క దుకాణం ఆయన తొంగిచూశాడు. అన్న తాపీగా సుత్తి పక్కన పెట్టి, స్టూలు నా వైపు తోశాడు.

“కూసో. జెర నెమ్మదిగ మాట్లాడు, గిరాకొస్తది. నేను జెప్పిన దాంట్ల అబద్ధమేందో నువ్వు జెప్పు. నువ్వు మొత్తుకోవా? అలగవా? నోటికొచ్చింది అనవా?”

నేను కూర్చున్నాను. ఆయన నా వైపు చూడకుండా గొళ్లెం వైపు చూస్తూ మాట్లాడాడు.

“నాకు సదువు రాదు తమ్మీ. నువ్వన్నది నిజమే. ఎనిమిదో క్లాసుల మా నాయిన తీస్కొచ్చి ఈడ కూసోవెట్టిండు. గానీ ఇరవై రెండేండ్లల్ల మనం ఎన్ని లొల్లులు జేసుకోలే? ఒక్కసారన్న గా మాట అన్నవా? అనలే. నీతోని సమానంగ కొట్లాడుతున్న అని నాకు మస్తు ఫకర్ ఉండె. మా దుకాణంల అందరికి జెప్పుకునేటోణ్ణి, మా మీదింటి తమ్ముడు పెద్ద ఇంజనీరు, నాతోని వాదిస్తడు అని. గా దినం నువ్వు గట్ల అన్నంక, ఇన్నేండ్లు నన్ను జూసి లోపల నవ్వుకున్నవేమో అనిపిచ్చింది.”

ఎంత నీచపు మాట అన్నానో అప్పుడు తెలిసింది. ఇంజనీరు కూడా కాదు నేను, డ్రాయింగులు గీసేవాణ్ణి. ఆ సంగతి ఇరవై రెండేళ్లలో ఆయనకు నేను చెప్పనే లేదు.

“నువ్వు మాట్లాడుడు బంద్ జేసినంక ఏమైందో ఎరుకనా?” అన్నాడు. “ఈడికి వచ్చేటోళ్లంత మా పార్టీవోళ్లే. నేనేం అన్నా అవునన్నా, కరెక్టన్నా అంటరు. మొన్న జూద్దామని ఒక మాట తప్పు జెప్పిన. ఎరుకుండే జెప్పిన. దానికి సుత అవునన్నరు. నాకు భయమైంది తమ్మీ. నిజంగ భయమైంది. నేను పిచ్చి మాటలు మాట్లాడుతున్నా నాకు జెప్పేటోడు లేడు.”

నా పరిస్థితీ అదేనని చెప్పాలనుకున్నాను. ఫోటో సంగతి, నేను మెసేజ్ తీసేసిన సంగతి. ఆయన ఆగలేదు.

“మీ వదిన పోయినప్పుడు యాదికున్నదా? పది దినాలు. వచ్చినోళ్లంత తల వంచుకుని, మెల్లగ మాట్లాడి పోతున్నరు. నేను గోడకు ఆనుకుని కూసున్న. నోట్లకు మెతుకు పోతలే. బిడ్డ ఏడ్సింది, అల్లుడు బతిలాడిండు, పోతలే. నువ్వొచ్చి ఏం జేసినవ్? పేపర్ తెచ్చి నా ముంగట పడేసి, మీ మంత్రి దొంగ అన్నా, ఇగో సాక్ష్యం అన్నవ్.”

నాకు గుర్తుంది. గుర్తు లేకపోవడమేమిటి, జీవితంలో నేను సిగ్గుపడే పనుల్లో అదొకటి. చావు జరిగిన ఇంట్లో రాజకీయం మాట్లాడానని మా ఆవిడ ఆ రోజు నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. ఆయన్ను ఓదార్చాలనే తెలివితో అన్నది కూడా కాదు. గోడకు ఆనుకున్న ఆ మనిషిని చూసి నాకు ఏం మాట్లాడాలో తోచలేదు. ఆయనతో ఎలా మాట్లాడాలో నాకు తెలిసింది ఒక్కటే పద్ధతి, ఆ పద్ధతిలో మాట్లాడాను.

“ఎంత కోపమొచ్చిందో తెలుసా? లేసి నిలవడ్డ. గంటసేపు తిట్టిన నిన్ను. నువ్వు సుత తిట్టినవ్. అందరు పరేషాన్ అయిండ్రు. తిట్టి తిట్టి అలిసినంక ఆకలైంది. గా దినం అన్నం తిన్న నేను.” ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. “గట్లాంటోణ్ణి మంచోడని ఎట్ల రాసియ్యాలె? రాసిస్తే పంపిస్తరు కద.”

“తప్పయిపోయింది అన్నా” అన్నాను. అయిదు నెలలు గొంతులో ఇరుక్కున్న మాట. స్టూలు మీంచి దిగి గోనె పట్టా మీద ఆయన పక్కన కూర్చున్నాను. ఏడ్చాను కూడా, దాచుకోవడానికేముంది. ఆయన చాయ్ చెప్పాడు. చాయ్ వచ్చేలోగా ఇద్దరం ముక్కులు తుడుచుకుని మనుషులమయ్యాం.

చాయ్ తాగుతూ అన్నాడు, “నిజంగ పోవాల్నంటే జెప్పు. రేపు పోలీసాయన వస్తడు కద, నేనే మీదికొచ్చి మంచోడు అని రాసిస్త. కోపంల అన్న, మాఫీ జెయ్యిండ్రి అని జెప్త. నీ జిందగీ నీది.”

ఆ మంత్రి మాత్రం దొంగే అన్నాను. నీయవ్వ, మీవోళ్లేమన్న సుద్దపూసలా అని ఆయన గ్లాసు కింద పెట్టాడు. ఎనిమిదింటికి దుకాణం మూసి, దారంతా అరుచుకుంటూ ఇద్దరం ఇంటికి నడిచాం. మెట్ల దగ్గర మా ఆవిడ నిలబడి ఉంది. మమ్మల్ని చూసి లోపలికి వెళ్లి ముగ్గురికీ కంచాలు పెట్టింది.

ఆ రాజకీయాల మీద నా కోపం తగ్గిందని ఎవరూ అనుకోవద్దు. గెలిచినవాళ్ల ముఖం చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ కోపం తీసుకుని గల్ఫ్‌కు పోతే ఏం చేస్తానో సోమవారం రాత్రి పక్క మీద పడుకుని ఆలోచించాను. ఏసీ గదిలో కూర్చుని ఫోన్‌లో నాలాంటివాళ్లతో అవునంటే అవును అనుకుంటూ మూడేళ్లు గడుపుతాను. నేను తప్పు మాట్లాడితే గుర్రుమనే మనిషి భూమ్మీద ఒక్కడున్నాడు. అతను మా కిందింట్లో ఉన్నాడు, అరవై ఆరేళ్లు, మోకాళ్ల నొప్పి.

మంగళవారం సాయంత్రం కానిస్టేబుల్ వచ్చాడు. ఇంకొకరు దొరికారా సార్ అని అడిగాడు. లేదన్నాను.

“పోనీ ఒక పని చేద్దాం. కిందాయన చెప్పింది నిజం కాదని, పాత కక్షతో చెప్పాడని మీరు రెండు ముక్కలు రాసివ్వండి. అది కూడా జత చేసి పంపిస్తాను. పెద్ద సారు చూసి క్లియర్ చేసేస్తారు. మీలాంటి చదువుకున్నవాళ్లకు ఈ తక్లీఫ్ ఎందుకు?” అని తెల్ల కాగితం నా ముందు పెట్టాడు.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. నేను పెన్ను తీసి రాశాను. ‘కిందింటి ఆయన నా గురించి చెప్పినదంతా నేను విన్నాను. ఆయన నన్ను ఇరవై రెండేళ్లుగా ఎరుగును. ఆయన చెప్పిన ప్రతి మాటా నిజం.’ కింద సంతకం పెట్టి ఇచ్చాను.

కానిస్టేబుల్ రెండుసార్లు చదివాడు. “సార్, ఇది ఇస్తే మీ ఫైలు ఇక్కడే ఆగిపోతుంది.”

“ఆగనివ్వండి” అన్నాను.

ఆయన మా ఆవిడ వైపు చూశాడు. ఆమె కళ్లు తుడుచుకుంటోంది. ఏం మనుషులండీ మీరు అని గొణుక్కుని, కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పద్ధతి గల మనిషి అని ముందే చెప్పాను.

“దీనికి సాక్షి సంతకం కావాలి సార్. ఎవరున్నారు?”

నేను చెప్పులు వేసుకుని ఆయన్ను కిందికి తీసుకెళ్లాను.